పాత ఆండ్రాయిడ్ ఫోనులు – బాహ్య పరికరముల సంధానము

యంత్రము పాతబడినంత మాత్రమున నిరుపయోగము కాదు. దాని ఉపయోగమును మనము మరచినప్పుడే అది నిరుపయోగమగును. మన కళాశాల విద్యార్థులలో పలువురి చేతులలోని ఫోనులు అన్నయ్యలో, అక్కయ్యలో, మేనమామలో వాడి విడిచినవి. ఆ ఫోనే వారికి పాఠ్యపుస్తకము, అదే గ్రంథాలయము, అదే దరఖాస్తులు నింపు కార్యాలయము. కంప్యూటరు కొనగల స్తోమత లేని ఇంటిలో ఆ పాత ఫోనునకు ఒక కీబోర్డును, ఒక మౌసును, ఒక పెన్ డ్రైవును తగిలింపగలిగినచో అది చిన్న కంప్యూటరు వలె పనిచేయును. కాని జరుగుచున్నది వేరు. విద్యార్థి బజారునకు పోయి ఒక అడాప్టరును కొనును. అది ఫోనులో చక్కగా అమరును, కాని పనిచేయదు. దానిని సొరుగులో పడవేసి, ఫోను పాడైనదని నిర్ణయించుకొని, అప్పు చేసియైనను క్రొత్తది కొనవలెనని తలపోయును. నిజమునకు ఫోను పాడు కాలేదు. అడాప్టరును పాడు కాలేదు. ఒకదాని భాష రెండవ దానికి తెలియలేదు, అంతియే.

తెలుగు బోధించు మాకు ఈ యంత్రముల ప్రసక్తి యేలయని కొందరికి సందేహము కలుగవచ్చును. ఇది భాషా విషయమే కనుక మేము పూనుకొనుచున్నాము. రెండు యంత్రములు కలిసి పనిచేయుట యనగా రెండు యంత్రములు సంభాషించుట. ఆ సంభాషణ ఎప్పుడు సాగును, ఎప్పుడు సాగదు అన్నదే ఈ వ్యాసమున మేము వివరింపదలచిన అంశము.

దుబాసీ, తపాలా బంట్రోతు

పూర్వము దర్బారులలోను, కుంఫిణీ కచేరీలలోను దుబాసీలు ఉండెడివారు. రెండు భాషలు తెలిసినవాడు దుబాసీ. హిందుస్తానీలోని 'దో భాషీ' మన నోటిలో అట్లు మారినది. దుబాసీ ఒకరి మాటను విని, అర్థము గ్రహించి, రెండవ వారి భాషలో చెప్పును. తపాలా బంట్రోతు అట్లు కాదు. అతడు ఉత్తరమును చేరవేయునే కాని చదువడు, అనువదింపడు. ఉత్తరము అందుకొన్నవానికి ఆ భాష రానిచో బంట్రోతు చేయగలిగినది లేదు.

అడాప్టరులును ఈ రెండు తెగలవే. కొన్ని అడాప్టరులలో తీగలు తప్ప మరేమియు ఉండవు. అవి ఒక ఆకారపు రంధ్రమును మరియొక ఆకారపు రంధ్రముగా మార్చును, అవి బంట్రోతులు. మరికొన్నింటి యందు చిన్న ఎలక్ట్రానిక్ చిప్పు ఉండి ఒక సంకేత పద్ధతిని మరియొక పద్ధతిలోనికి మార్చును, అవి దుబాసీలు. బజారులో ఈ రెండును ఒకే రంగు, ఒకే ఆకారము కలిగి ప్రక్కప్రక్కనే వ్రేలాడుచుండును. దుబాసీ కావలసిన చోట బంట్రోతును కొనుటయే మనవారి నష్టములలో అధిక భాగమునకు కారణము.

రంధ్రముల చరిత్ర

మొదటి ఆండ్రాయిడ్ ఫోను అయిన హెచ్.టి.సి. డ్రీమ్ 2008లో వెలువడినది. దానికి చెవి ఫోనుల కొరకు ప్రత్యేకమైన గుండ్రని రంధ్రము లేదు. 11 స్పర్శలు గల ఒకే పోర్టు ద్వారా ఛార్జింగు, సమాచారము, శబ్దము అన్నియు సాగెడివి. సాధారణ చెవి ఫోను పెట్టుకొనవలెనన్న అడాప్టరు తప్పనిసరి. ఆండ్రాయిడ్ ఫోనుతో పాటే అడాప్టరును పుట్టినదని చెప్పవచ్చును.

మైక్రో యు.ఎస్.బి. ప్రమాణము 2007లో ప్రకటింపబడినది. ఫోనులకు దీనిని ఉమ్మడి ఛార్జింగు మార్గముగా స్వీకరించుటకు 2009లో పెద్ద తయారీదారులు ఐరోపా సంఘముతో ఒడంబడిక చేసికొనిరి. అటుపిమ్మట చాలకాలము ఆండ్రాయిడ్ ఫోనులలో ఇదియే రాజ్యమేలినది. 24 స్పర్శలు కలిగి, ఎటు త్రిప్పి పెట్టినను అమరు టైప్-సి ప్రమాణము 2014లో వెలువడినది. భారతీయ ప్రమాణాల సంస్థ 2023 జనవరిలో టైప్-సికి భారత ప్రమాణమును ప్రకటించినది. ఐరోపా సంఘ దేశములలో 2024 డిసెంబరు 28 నుండి క్రొత్త ఫోనులకు ఈ పోర్టు తప్పనిసరి అయినది.

దీనితో సమస్య తీరినదని తలంపరాదు. ఆకారము ఒక్కటైనది కాని అన్ని ఫోనుల సామర్థ్యము ఒక్కటి కాలేదు. వ్యాకరణము చదివిన విద్యార్థులకు ఇది సులభముగా బోధపడును. రెండు పదములు ప్రక్కప్రక్కన నిలిచినంతనే సంధి జరుగదు. ఉకార సంధి నిత్యము. ఏమ్యాదులలో ఇకార సంధి వైకల్పికము. టైప్-సి పోర్టునందు ఛార్జింగు నిత్యము వంటిది. తెరమీది బొమ్మను బయటకు పంపుట వైకల్పికము వంటిది; తయారీదారు ఇచ్చినచో ఉండును, ఈయనిచో ఉండదు.

ఆతిథేయి, అతిథి

యు.ఎస్.బి. సంభాషణలో ఇరువురు సమానులు కారు. ఒకరు ఆతిథేయి, రెండవ వారు అతిథి. ఆతిథేయి ప్రశ్నించును, అతిథి సమాధానము చెప్పును. అతిథికి కావలసిన విద్యుత్తును పెట్టు బాధ్యతయు ఆతిథేయిదే. ఫోనును కంప్యూటరునకు తగిలించినప్పుడు కంప్యూటరు ఆతిథేయి, ఫోను అతిథి. పెన్ డ్రైవు ఎల్లప్పుడును అతిథియే. కనుక ఫోనునకు పెన్ డ్రైవును తగిలించినప్పుడు ఫోను తన పాత్రను మార్చుకొని ఆతిథేయి కావలెను. ఇట్లు పాత్ర మార్చుకొను పద్ధతికే ఓ.టి.జి. అని పేరు. దీని ప్రమాణము 2001 నాటిది.

ఫోను తన పాత్ర మారినదని ఎట్లు గ్రహించును? మైక్రో యు.ఎస్.బి.లో 5 స్పర్శలు కలవు: విద్యుత్తునకు ఒకటి, సమాచారమునకు రెండు, గ్రౌండునకు ఒకటి, గుర్తింపునకు ఒకటి. సాధారణ కేబులులో గుర్తింపు స్పర్శ దేనితోను కలియక ఊరకుండును. ఓ.టి.జి. కేబులులో అది గ్రౌండుతో కలుపబడి యుండును. ఆ చిన్న కలయికయే "ఇప్పుడు నీవు ఆతిథేయివి" అని ఫోనునకు అందు సందేశము. టైప్-సిలో ఈ పనిని మరియొక స్పర్శ మీది నిరోధకము నెరవేర్చును. కనుక సాధారణ ఛార్జింగు కేబులునకు ఆకారము మార్చు ముక్క ఒకటి తగిలించినంత మాత్రమున అది ఓ.టి.జి. కేబులు కాజాలదు.

కేబులు సరియైనదైనను ఫోనులోని వ్యవస్థ అందుకు అంగీకరింపవలెను. బాహ్య పరికరములకు ఆతిథేయిగా నుండు సౌకర్యమును ఆండ్రాయిడ్ 3.1 రూపము 2011లో కల్పించినది. ఆ తరువాతి ఫోనులలోను అన్నింటికి అది లేదు. పోర్టు నుండి బయటకు విద్యుత్తు పంపు ఏర్పాటు లేని ఫోనులు కలవు. కొన్ని కంపెనీల ఫోనులలో ఓ.టి.జి.ని అమరికలలోనికి పోయి స్వయముగా తెరువవలెను. కొంతసేపు వాడనిచో అది తనంతట తాను మూసికొనును. అడాప్టరును నిందించుటకు పూర్వము ఈ మీటను చూడవలెను.

పెన్ డ్రైవు విషయమున మరియొక చిక్కు కలదు. పాత ఫోనులలో అనేకము ఫ్యాట్ 32 అను పద్ధతిలో అమర్చిన పెన్ డ్రైవును మాత్రమే చదువగలవు. ఆ పద్ధతిలో ఒక్కొక్క ఫైలు 4 గిగాబైటులకు లోబడి యుండవలెను. పెన్ డ్రైవు తెరుచుకొననిచో ముందుగా కంప్యూటరులో దాని పద్ధతిని పరిశీలింపవలెను. పద్ధతి మార్చినచో అందలి సమాచారమంతయు తుడిచిపెట్టుకొని పోవును గనుక ముందుగా ప్రతి తీసి ఉంచుకొనుట మరువరాదు.

కీబోర్డు, మౌసు మాత్రము మిక్కిలి సులభముగా అమరును. తెలుగు, ఉర్దూ అక్షరములు కీబోర్డు నుండి వచ్చుట ఫోనులోని లేఖన అప్లికేషను మీద ఆధారపడును. కుడి నుండి ఎడమకు సాగు ఉర్దూ వంటి లిపులకు తగినట్లు తెరను అమర్చు వసతి 2012 నాటి ఆండ్రాయిడ్ 4.2 రూపముతో సమకూరినది. అంతకు పూర్వపు ఫోనులో ఉర్దూ వ్యాసము వ్రాయబూనుట వృథా శ్రమ.

అతిథికి అన్నము చాలునా?

ఆతిథేయి అతిథిని పోషింపవలెనని చెప్పితిమి. ఇంటిలో ఉన్నదెంత అన్నది కూడ చూడవలెను. కంప్యూటరులోని సాధారణ యు.ఎస్.బి. 2.0 పోర్టు 5 వోల్టుల వద్ద 500 మిల్లీ ఆంపియరుల వరకు ఈయగలదు; అనగా 2.5 వాట్లు. పాత ఫోను అంత ఈయగలదన్న హామీ లేదు. ఒక ఉదాహరణము చూతము. 2011 నాటి సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్ 2 బ్యాటరీ 1650 మిల్లీ ఆంపియరు గంటలది. 3.7 వోల్టులతో గుణించినచో సుమారు 6.1 వాట్ గంటలు. 2.5 వాట్లు త్రాగు పరికరమును తగిలించినచో, ఫోను తన కొరకు ఏమియు వాడుకొనకున్నను, రెండున్నర గంటలలోపే బ్యాటరీ ఖాళీ యగును. ఏండ్లు గడిచిన బ్యాటరీ ఇంకను ముందే చేతులెత్తివేయును.

కనుక మౌసు, కీబోర్డు, పెన్ డ్రైవు వంటి అల్పాహారులను నేరుగా తగిలింపవచ్చును. తిరుగు పళ్ళెములు గల హార్డ్ డిస్కును నేరుగా తగిలింపరాదు. అది కదలనారంభించునప్పుడు అధిక విద్యుత్తును కోరును. అందనిచో టిక్కు టిక్కుమని శబ్దము చేయుచు నిలిచిపోవును, సమాచారమునకును ముప్పు వాటిల్లవచ్చును. గోడ నుండి స్వంతముగా విద్యుత్తు తీసికొను హబ్బును నడుమ ఉంచుటయే దీనికి మార్గము. అప్పుడు అతిథి భోజనము హబ్బు భరించును, ఫోను సంభాషణ మాత్రము సాగించును. మైక్రో యు.ఎస్.బి. ఫోనులలో పెక్కింటికి ఓ.టి.జి. వాడుచు అదే పోర్టు ద్వారా ఛార్జి అగు వీలు లేదన్నది కూడ గుర్తుంచుకొనవలెను.

తెరను గోడపైకి ఎక్కించుట

ఫోనులోని పాఠమును ప్రొజెక్టరు మీద చూపవలెనన్న కోరిక మా అధ్యాపకులకును విద్యార్థులకును కలదు. ఇక్కడనే అడాప్టరులు ఎక్కువగా మోసగించును. ఎం.హెచ్.ఎల్. అను పద్ధతి 2010లో వచ్చినది. గెలాక్సీ ఎస్ 2లో మైక్రో యు.ఎస్.బి. పోర్టు నుండియే ఈ పద్ధతిలో బొమ్మ బయటకు వచ్చెడిది. మరుసటి యేడు వచ్చిన గెలాక్సీ ఎస్ 3లో అదే కంపెనీ 11 స్పర్శల పోర్టును అమర్చినది. బయటి ఆకారము మారలేదు. కాని పాత అడాప్టరు నేరుగా పనిచేయదు, నడుమ చిన్న ముక్క ఒకటి కావలెను. అదే 2012లో గూగుల్ సంస్థ ఎల్.జి.తో చేయించిన నెక్సస్ 4 ఫోనులో స్లిమ్‌పోర్టు అను వేరొక పద్ధతి వచ్చినది. పోర్టు ఆకారము అదే మైక్రో యు.ఎస్.బి.; కాని ఎం.హెచ్.ఎల్. అడాప్టరు దానిలో అమరునే కాని బొమ్మ రాదు. ఆకారమును నమ్మరాదనుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము లేదు. చవక ఫోనులలో అనేకమునకు ఈ రెండు పద్ధతులలో ఏదియు లేదు.

టైప్-సి ఫోనులలో డిస్‌ప్లేపోర్ట్ ప్రత్యామ్నాయ విధానము ఉన్నచో చిన్న అడాప్టరుతో బొమ్మ బయటకు వచ్చును. యు.ఎస్.బి. 2.0 వేగము మాత్రమే గల టైప్-సి ఫోనులలో ఆ విధానము ఉండదు. అట్టి చోట డిస్‌ప్లేలింక్ తరగతి అడాప్టరు ఉపకరింపవచ్చును. అది నిజమైన దుబాసీ. ఫోనులోని అప్లికేషను బొమ్మను కుదించి సాధారణ సమాచారముగా పంపగా, అడాప్టరు దానిని తిరిగి బొమ్మగా మార్చును. దీనికి ఆండ్రాయిడ్ 5.0 గాని ఆ తరువాతి రూపము గాని కావలెను. పాత ప్రొజెక్టరులకు వి.జి.ఏ. పోర్టు మాత్రమే ఉండును. హెచ్.డి.ఎం.ఐ. అంకెల భాష, వి.జి.ఏ. తరంగముల భాష, వాని నడుమ చిప్పు గల కన్వర్టరు తప్పనిసరి. ఉత్త తీగల ముక్క పనికిరాదు.

చెవి ఫోనుల చిక్కు

3.5 మిల్లీమీటరుల చెవి ఫోను కడ్డీ మీద మూడు వలయములుండి, అది నాలుగు భాగములుగా విభక్తమై యుండును. నేటి పద్ధతిలో మొన నుండి వరుసగా ఎడమ చెవి, కుడి చెవి, గ్రౌండు, మైకు. పూర్వపు కొన్ని ఫోనులలో చివరి రెండును తారుమారుగా నుండెడివి. వరుస కుదరనిచో పాట దూరము నుండి వచ్చినట్లు బోలుగా వినబడును. మైకు మీది మీటను నొక్కి పట్టినప్పుడు స్వరము స్పష్టమైనచో వరుస తేడాయే కారణమని గ్రహింపవచ్చును. ఆ రెంటిని మార్చు చిన్న ముక్క చాలును, క్రొత్త చెవి ఫోను అక్కరలేదు.

2016 నాటి మోటో జెడ్ వంటి ఫోనులలో గుండ్రని రంధ్రమే తొలగింపబడినది. టైప్-సి నుండి చెవి ఫోనునకు పోవు అడాప్టరులలోను బంట్రోతు, దుబాసీ భేదము కలదు. తరంగ రూపమున శబ్దమును బయటకు పంపు ఫోనునకు తీగల అడాప్టరు చాలును. అట్లు పంపని ఫోనునకు అంకెలను శబ్దముగా మార్చు చిప్పు గల అడాప్టరు కావలెను. మిత్రుని ఫోనులో పనిచేసినది మన ఫోనులో మూగవోవుటకు కారణమిదే.

ఛార్జరు, తీగ – సత్యము, అసత్యము

పెద్ద ఆంపియరుల ఛార్జరు చిన్న ఫోనును కాల్చివేయునన్న భయము మనవారిలో కలదు. 5 వోల్టుల వద్ద ఛార్జరు ఎంత ఈయగలదన్నది దాని శక్తి. ఎంత తీసికొనవలెనన్నది ఫోను నిర్ణయము. కుండలో నీరెంత యున్నను గ్లాసునకు పట్టినంతే కదా! 9 లేక 12 వోల్టులిచ్చు వేగపు ఛార్జరులును ముందు 5 వోల్టులే ఇచ్చి, ఫోను ఆ భాషలో కోరిన పిమ్మటనే పెంచును. భాష తెలియని పాత ఫోనునకు 5 వోల్టులే అందును. ప్రమాణమునకు లోబడి తయారైన ఛార్జరు విషయమున ఈ మాట సత్యము. ఏ ముద్రయు లేని నాసిరకపు సరకునకు మేము హామీ ఉండజాలము.

తీగ కూడ అసత్యమాడగలదు. పాత పోర్టు నుండి టైప్-సికి పోవు కేబులులో 56 కిలో ఓముల నిరోధకము ఉండవలెను. "ఇచటి శక్తి పరిమితము, మితముగా తీసికొనుము" అని అది ఫోనునకు చెప్పును. 2015లో గూగుల్ ఇంజనీరు బెన్సన్ లియుంగ్ బజారు కేబులులను పరీక్షింపగా, పలుచోట్ల 10 కిలో ఓముల నిరోధకము కనబడినది. దాని అర్థము "3 ఆంపియరులు తీసికొనవచ్చును" అని. ఆ మాట నమ్మి ఫోను లాగినచో బలహీనమైన ఛార్జరు గాని కంప్యూటరు పోర్టు గాని వేడెక్కి చెడవచ్చును. 2016లో ఆయన పరీక్షించిన ఒక కేబులులో విద్యుత్తు, గ్రౌండు తీగలు తారుమారై యుండుటచే పరీక్షకు వాడిన కంప్యూటరే చెడిపోయినది. నిపుణుని చేతిలోనే అట్లు జరిగినదన్నచో, నాలుగు రూపాయలు తగ్గునని అనామక కేబులు కొను విద్యార్థి ఎంత జాగ్రత్త పడవలెనో ఊహింపుడు.

కొన్ని చవక కేబులులలో విద్యుత్తు తీగలే ఉండి సమాచారపు తీగలు ఉండవు. వాని వలన ఫోను ఛార్జి అగును కాని కంప్యూటరులో కనబడదు. కేబులు సరియైనదేయైనచో ఫోను తెరను క్రిందికి లాగి, ఛార్జింగునకు బదులు ఫైలుల బదిలీని ఎన్నుకొనవలెను.

పగిలిన తెరకు ఉపాయము

తెర పగిలి, బొమ్మ కనబడుచున్నను స్పర్శ పనిచేయని ఫోనులు మన ఇండ్లలో ఎన్నియో కలవు. వానిలో తల్లిదండ్రుల ఛాయాచిత్రములు, ధ్రువపత్రముల ప్రతులు చిక్కుకొని యుండును. ఆ ఫోనునకు ఓ.టి.జి. ఉన్నచో కేబులు ద్వారా మౌసును తగిలింపుడు. తెరమీద బాణపు గుర్తు కనబడును. దానితో తాళము తెరచి, పెన్ డ్రైవునకో కంప్యూటరునకో సమాచారమును తరలింపవచ్చును. కొద్దిపాటి ఖర్చుతో ఒక కుటుంబపు జ్ఞాపకములు దక్కును. అయితే వీపు ఉబ్బిన ఫోనునకు ఏ పరికరమును తగిలింపరాదు, ఛార్జి చేయరాదు. అది బ్యాటరీ ఉబ్బుటకు చిహ్నము, అగ్ని ప్రమాదమునకు దారి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఇ-వ్యర్థముల నియమములను అనుసరించి దానిని గుర్తింపు పొందిన సేకరణ కేంద్రమునకు అప్పగింపవలెను.

నాలుగు ప్రశ్నలు

అడాప్టరు కొనుటకు పూర్వము విద్యార్థులు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెనని మా మనవి. ఒకటి, ఆకారము కుదురునా? రెండు, విద్యుత్తును ఎవరు భరింతురు? మూడు, రెండు యంత్రముల భాష ఒక్కటేనా, దుబాసీ కావలెనా? నాలుగు, ఫోనులోని ఆండ్రాయిడ్ రూపము అందుకు అంగీకరించునా? బజారువాడు మొదటి ప్రశ్నకు మాత్రమే సమాధానము చెప్పును. తక్కిన మూడింటికి ఫోను నమూనా పేరును పట్టి, తయారీదారు ప్రకటించిన వివరములను చదివి మనమే తెలిసికొనవలెను.

కళాశాల పాలక సంఘమువారికి ఒక విన్నపము. ప్రతి విద్యార్థియు ఈ వస్తువులను కొననక్కరలేదు. మైక్రో యు.ఎస్.బి., టైప్-సి ఓ.టి.జి. కేబులులు రెండేసి, స్వంత విద్యుత్తు గల హబ్బు ఒకటి, కీబోర్డు, మౌసు, కార్డు రీడరు, హెచ్.డి.ఎం.ఐ. నుండి వి.జి.ఏ. కన్వర్టరు ఒకటి, ఇవి గ్రంథాలయమున ఒక పెట్టెలో ఉంచి, ఏది ఏ ఫోనుతో పనిచేసినదో ఒక రిజిష్టరులో వ్రాయించినచో చాలును. ఒక విద్యార్థి పొందిన అనుభవము పదిమంది ధనమును కాపాడును. విద్యార్థి వేతనము నుండి మిగిల్చిన ప్రతి రూపాయియు పుస్తకమునకు గాని పరీక్ష రుసుమునకు గాని పోవలసినదే కాని సొరుగులోని వ్యర్థమునకు కాదు. పాత ఫోను మూగది కాదు. దాని భాష తెలిసికొని పలుకరించువారు కావలెను.